పిలుపుకొక దారి, మాటకొక దారి: వీడియో సమావేశ సర్వరులో సిగ్నలింగ్ అమరికల పూర్వచరిత్ర

వీడియో సమావేశాలు నడిపే సర్వరులో సిగ్నలింగ్ అమరికల పుట తెరిస్తే కొన్ని అంకెలు, కొన్ని పేర్లు కనిపిస్తాయి. 1719, 1720, 5060, 5061 అనే పోర్టు సంఖ్యలు, గేట్‌కీపర్ చిరునామా, రిజిస్ట్రార్ చిరునామా, 3600 అనీ 1800 అనీ సెకన్లలో రాసిన గడువులు, ఫోను మీటల ధ్వనులను ఏ పద్ధతిలో పంపాలో ఎంచుకోమనే ఒక గడి అందులో ఉంటాయి. సర్వరును నిలబెట్టే సాంకేతిక నిపుణుడు ఈ గడులను తయారీదారు ఇచ్చిన పట్టిక చూసి నింపుతాడు, సమావేశం సజావుగా సాగితే మళ్లీ ఆ పుట జోలికి పోడు. కానీ ఆ గడుల్లో ఏ ఒక్కటీ ఆ సర్వరును తయారుచేసిన వారి సొంత కల్పన కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, వేర్వేరు దేశాల ఇంజనీర్ల మధ్య సాగిన వాదం నుంచి మిగిలిన ఆనవాలు. ఒకే రాతిమీద వేర్వేరు రాజుల కాలపు శాసనాలు పక్కపక్కనే చెక్కి ఉన్నట్టు, ఆ ఒక్క పుటలో దాదాపు నూట నలభై ఏళ్ల టెలిఫోను చరిత్ర పొరలు పొరలుగా పేరుకుని ఉంది.

సిగ్నలింగ్ అంటే మాటకు ముందూ వెనుకా జరిగే వ్యవహారమంతా: ఎవరిని పిలవాలి, వారు ఎక్కడున్నారు, గంట మోగిందా, ఎత్తారా, ఇరువైపుల యంత్రాలకూ అర్థమయ్యే ధ్వని, చిత్ర రూపాలు ఏవి, చివరికి ఎవరు ముందు పెట్టేశారు అన్న సంగతులను యంత్రాలు తమలో తాము చెప్పుకునే పద్ధతి. ఆ చెప్పుకోవడంలో ఇరుపక్షాలూ ముందే అంగీకరించిన నియమావళికి ప్రోటోకాల్ అని పేరు. ఈ నియమావళులు ఎన్ని మారినా వాటన్నిటి వెనుకా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ తలెత్తింది: పిలుపూ మాటా ఒకే దారిలో నడవాలా, వేర్వేరు దారుల్లో నడవాలా? ప్రతి తరమూ దీనికి తనదైన జవాబు చెప్పింది, ఆ జవాబుతో పాటే కొత్త చిక్కునూ తెచ్చుకుంది.

తొలి తరంలో ఈ పని మనుషులు చేసేవారు. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో తొలి వాణిజ్య టెలిఫోను ఎక్స్ఛేంజీ మొదలైంది. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకూ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. ఆనాటి ఎక్స్ఛేంజీ బల్లల మీద, చందాదారు తన పెట్టె పిడి తిప్పగానే అతని సంఖ్య దగ్గరున్న చిన్న రేకుమూత టక్కున కిందపడేది. ఆపరేటరు ఆ రంధ్రంలో తీగ గుచ్చి, ఎవరు కావాలని అడిగి, తీగ రెండో కొసను కోరినవారి రంధ్రంలో గుచ్చి గంట మోగించేది. అంటే పిలుపు కూడా మాటగానే, అదే తీగమీద నడిచేది. భారతదేశంలో ఈ మానవ సిగ్నలింగ్ ఎంతో కాలం నిలిచింది. ట్రంకు కాల్ బుక్ చేసి, ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అనే తరగతుల్లో ఏదో ఒకటి ఎంచుకుని, ఎక్స్ఛేంజీ నుంచి తిరిగి గంట ఎప్పుడు మోగుతుందా అని ఫోను దగ్గర కాచుకు కూర్చున్న తరం తెలుగునాట ఇప్పటికీ ఉంది. అందులోనూ పీపీ కాల్ అనే ఏర్పాటు గమనించదగ్గది: ఫలానా మనిషే మాట్లాడాలని చెబితే, ఆ మనిషి ఫోను దగ్గరకు వచ్చాకే మాటకు లెక్క మొదలయ్యేది. వెతకడం వేరు, మాట్లాడడం వేరు, రెంటికీ రుసుము కూడా వేరుగా ఉండాలి అన్న సిగ్నలింగ్ శాస్త్రపు మూలసూత్రం ఆ ఏర్పాటులో అప్పటికే ఉంది.

ఆపరేటరును తప్పించి చందాదారు చేతికే పిలుపును అప్పగించినవాడు ఆల్మన్ స్ట్రౌజర్. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసే ఈయన, తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు పోటీదారుకు మళ్లిస్తున్నదన్న అనుమానంతోనే యంత్రం కనిపెట్టాడని ప్రతీతి. ఆయనకు 1891లో పేటెంటు వచ్చింది, మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో ఆ యంత్రంతో తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజీ తెరిచారు. తర్వాత వచ్చిన గుండ్రటి డయలు ఫోనులో, అంకె రంధ్రంలో వేలు పెట్టి తిప్పి వదిలితే డయలు వెనక్కి తిరుగుతూ తీగలోని విద్యుత్తును సెకనుకు సుమారు పదిసార్లు చొప్పున తెంపేది. మూడు తెంపులు మూడు అంకె, పది తెంపులు సున్న. ఎక్స్ఛేంజీలోని మీటలు ఆ తెంపులను లెక్కపెట్టుకుంటూ మెట్టు మెట్టుగా కదిలి కోరిన తీగను చేరేవి. మనిషి పోయి యంత్రం వచ్చినా, పిలుపు మాత్రం మాట నడిచే తీగమీదే నడిచింది. భారతదేశంలో ఊరు దాటిన పిలుపును కూడా చందాదారే నేరుగా డయలు చేసుకునే ఎస్‌టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది.

దూరపు ఎక్స్ఛేంజీల మధ్య విద్యుత్తును తెంపే పద్ధతి పనిచేయదు కనుక అక్కడ పిలుపును ధ్వనిగా మార్చారు. అమెరికాలోని బెల్ సంస్థ దూరపు లైనుల్లో, లైను ఖాళీగా ఉన్నంతసేపూ 2600 హెర్ట్జ్‌ల స్థాయిలో ఒక సన్నని కూత వినిపిస్తూ ఉండేది. కూత ఆగితే లైను పనిలో ఉందని, మళ్లీ మొదలైతే పెట్టేశారని అవతలి ఎక్స్ఛేంజీ అర్థం చేసుకునేది. అంకెలను కూడా జంట స్వరాలుగానే పంపేవారు. ఈ స్వరాల వివరాలన్నీ బెల్ సంస్థ తన సాంకేతిక పత్రికలో, మరీ సమగ్రంగా 1960 నవంబరు సంచికలో, దాపరికం లేకుండా ప్రచురించింది. మాటా పిలుపూ ఒకే దారిలో ఉన్నప్పుడు మాట్లాడేవాడు పిలుపును అనుకరించగలడన్న సంగతి దానితో బట్టబయలైంది. రుసుము లేని ఏదో ఒక నంబరుకు ఫోను చేసి, నోటితోనో ఈలతోనో 2600 కూత వినిపిస్తే అవతలి యంత్రం పిలుపు ముగిసిందనుకుని కొత్త అంకెల కోసం ఎదురుచూసేది, ఇవతలి లెక్కల యంత్రం మాత్రం రుసుము లేని పిలుపే ఇంకా సాగుతోందని అనుకునేది. అల్పాహారపు సీరియల్ పెట్టెలో పిల్లలకు ఉచితంగా వచ్చిన ఈల సరిగ్గా ఆ స్థాయిలో మోగడం, ఆ స్వరాలను పుట్టించే ‘బ్లూ బాక్స్’ అనే పెట్టెలను కుర్రవాళ్లు తయారు చేసుకోవడం, 1971 అక్టోబరులో ఎస్క్వైర్ పత్రిక ఈ కథను లోకానికి చెప్పడం, అది చదివిన స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ తామూ ఒక పెట్టె కట్టి అమ్మడం అందరూ ఎరిగిన చరిత్రే. ఆ కథలో ఇక్కడ పట్టించుకోవలసింది కుర్రవాళ్ల చాతుర్యాన్ని కాదు, దాని తర్వాత ఇంజనీర్లు తెచ్చిన మార్పును.

ఇంజనీర్లు పిలుపును మాట దారిలోంచి పూర్తిగా తప్పించారు. 1976లో అమెరికాలో ఎక్స్ఛేంజీల మధ్య సంకేతాల కోసం ప్రత్యేకమైన డేటా దారి వేశారు. జెనీవా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ టెలిఫోను సంప్రదింపుల సంఘం, అంటే తర్వాతి ఐటీయూ-టీ, 1980లో ఏడో నంబరు సిగ్నలింగ్ వ్యవస్థను ప్రమాణంగా ప్రకటించింది. ఇళ్లకూ కార్యాలయాలకూ అదే సూత్రాన్ని తెచ్చింది ఐఎస్‌డీఎన్. ఈ డిజిటల్ టెలిఫోను తీగలో మాటకు సెకనుకు 64 కిలోబిట్ల దారులు రెండు, పిలుపుకు 16 కిలోబిట్ల దారి ఒకటి విడివిడిగా ఉండేవి. పిలుపు దారిలో నడిచే సందేశాల నియమావళికి క్యూ.931 అని పేరు. సెటప్, అలర్టింగ్, కనెక్ట్, రిలీజ్ అనే పేర్లు గల ఆ సందేశాలు వరుసగా పిలుపు మొదలైందనీ, గంట మోగుతోందనీ, ఎత్తారనీ, పెట్టేశారనీ చెబుతాయి. 1990లో వచ్చిన హెచ్.320 ప్రమాణం ఈ తీగల మీదే వీడియో సమావేశాన్ని నిలబెట్టింది. మూడు తీగలు కలిపి, అంటే ఆరు దారులను జోడించి, 384 కిలోబిట్ల వేగంతో నడిచే సమావేశ గదులు బ్యాంకులకూ పెద్ద కంపెనీలకూ గొప్ప హోదాగా ఉండేవి. 384 అనే అంకెను ఇప్పటికీ సమావేశ సర్వరుల్లో పిలుపు వేగం ఎంచుకునే పట్టికలో చూడవచ్చు. అది ఆరు అరవైనాలుగుల మొత్తం.

1996లో ఐటీయూ-టీ హెచ్.323 అనే ప్రమాణాన్ని ఆమోదించింది. నాణ్యతకు హామీ ఇవ్వలేని స్థానిక నెట్‌వర్కుల మీద దృశ్య టెలిఫోను నడపడం దాని తొలి లక్ష్యమని ప్రమాణం శీర్షికే చెప్పింది. కార్యాలయంలోని కంప్యూటర్లను కలిపే తీగలే ఆనాటి రచయితల దృష్టిలో ఉన్న లోకం, ప్రపంచవ్యాప్త ఇంటర్నెట్టు కాదు. దీన్ని రాసినవారు టెలిఫోను రంగపు పెద్దలు కనుక చేతిలో ఉన్న క్యూ.931 సందేశాలనే తీసుకుని, కొద్దిపాటి చేర్పులతో హెచ్.225.0 అనే పేరుతో ఇంటర్నెట్టు పొట్లాల్లో పెట్టారు. ఆ సందేశాలు వచ్చి చేరవలసిన పోర్టుకు 1720 అనే సంఖ్య ఇచ్చారు. పోర్టు అంటే ఒకే యంత్రంలోని వేర్వేరు పనులకు వేసిన గుమ్మం సంఖ్య. చిరునామా ఇంటిని చూపితే పోర్టు ఏ గుమ్మం తట్టాలో చెబుతుంది.

హెచ్.323లో ఒక పిలుపు ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. సమావేశ గదిలోని యంత్రం ముందుగా గేట్‌కీపర్ అనే పెద్దను ఆశ్రయిస్తుంది. ఎవరి నంబరు ఏ చిరునామాలో ఉందో తెలిసినదీ, పిలుపుకు అనుమతి ఇచ్చేదీ, నెట్‌వర్కులో ఎంత వేగం వాడుకోవచ్చో కొలిచి ఇచ్చేదీ ఈ గేట్‌కీపరే; 1719 అనే గుమ్మం దానిది. అనుమతి కోరే సందేశంలో వేగాన్ని నూరేసి బిట్ల లెక్కన, రాకపోకలు రెండూ కలిపి చెప్పాలి, అందువల్ల 384 కిలోబిట్ల సమావేశం గేట్‌కీపర్ చిట్టాలో 7680గా కనిపిస్తుంది. ఈ లెక్క తెలియక, పరిమితిని సగానికి కట్టి, రెండో పిలుపు ఎందుకు తిరస్కారానికి గురవుతోందో అర్థం కాక తలపట్టుకున్న నిర్వాహకులు ఎందరో. అనుమతి వచ్చాక అవతలి యంత్రపు 1720 గుమ్మానికి సెటప్ వెళ్లాలి, అలర్టింగ్ రావాలి, కనెక్ట్ రావాలి. అంతా అయ్యాక హెచ్.245 అనే మరో నియమావళికి మరో కొత్త దారి తెరుచుకుంటుంది. అక్కడ ఇరు యంత్రాలూ తమకు చేతనైన ధ్వని, చిత్ర రూపాలను, అంటే కోడెక్‌లను, ఒకదానికొకటి విప్పి చెప్పుకుంటాయి. వివాదం వస్తే తీర్పు ఎవరిదో తేల్చుకోవడానికి రెండూ తమ తరగతి సంఖ్యను పంపుకుంటాయి. మామూలు యంత్రానికి 50, చాలామందిని కలిపే బహుపక్ష యంత్రానికి అంతకంటే ఎంతో ఎక్కువ. ఇద్దరిదీ ఒకే సంఖ్యయితే, తోడుగా పంపిన యాదృచ్ఛిక సంఖ్య తగువు తీరుస్తుంది. ఆ తర్వాత గానీ ధ్వనికో దారి, చిత్రానికో దారి తెరుచుకోవు. ప్రతి అడుగుకూ అనుమతి, ప్రతి అనుమతికీ రసీదు ఉండే ఈ పద్ధతి కచేరీ వ్యవహారంలా అనిపించినా, దాని వెనుక ఉన్న బాధ్యతాభావం నిజమైనది: పిలుపు పోయిందంటే ఎక్కడ పోయిందో ప్రతిచోటా చెప్పగలగాలని టెలిఫోను ఇంజనీర్లు వంద ఏళ్లుగా నేర్చుకున్న క్రమశిక్షణ అది.

అదే ఏడాది, 1996 ఫిబ్రవరిలో, పూర్తిగా వేరే లోకం నుంచి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. 1992 మార్చిలో శాన్ డియేగోలో జరిగిన ఇంటర్నెట్టు ఇంజనీర్ల సభను ధ్వనిరూపంలో అనేక ప్రదేశాలకు ప్రసారం చేసినప్పటి నుంచి, ఎంబోన్ అనే ప్రయోగాత్మక నెట్‌వర్కు మీద పరిశోధకులు ఉపన్యాసాలు, సభలు నడుపుకుంటూ ఉండేవారు. ఈ సభలు ముందే జరుగుతూ ఉంటాయి. కావలసిందల్లా జరుగుతున్న సభకు ఇంకొకరిని రమ్మని ఆహ్వానం పంపే మార్గం. మార్క్ హ్యాండ్లీ, ఈవ్ స్కూలర్ ఒక ప్రతిపాదననూ, తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన హెన్నింగ్ షుల్జ్‌రిన్నె మరో ప్రతిపాదననూ రాశారు. రెండూ కలిసి సిప్ అనే ఒకే నియమావళిగా 1999 మార్చిలో ప్రచురితమయ్యాయి. ఇక్కడ గమనించవలసిన విచిత్రం ఒకటుంది. టెలిఫోను కడుపున పుట్టిన హెచ్.323 చాలావరకు సమావేశ గదులకే పరిమితమైంది. సమావేశానికి ఆహ్వానపత్రంగా పుట్టిన సిప్ చివరికి టెలిఫోను లోకాన్నంతా ఏలింది. పుట్టిన చోటును బట్టి కాక, చదవడానికీ మార్చడానికీ సులువుగా ఉన్నదాన్ని జనం చేపట్టారన్నది దీనికి సబబైన వివరణ.

చదవడానికి సులువు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. హెచ్.323 సందేశాలు ఏఎస్ఎన్.1 అనే పద్ధతిలో బిట్లు బిట్లుగా కుదించి ఉంటాయి, వాటిని విప్పి చూపే పనిముట్టు లేకుండా మనిషి కంటికి అవి పిచ్చిగీతలే. సిప్ సందేశం మాత్రం ఉత్తరంలా ఉంటుంది. మొదటి పంక్తిలో ఇన్వైట్ అనే ఆజ్ఞ, పిలవబడేవారి చిరునామా. ఆ కింద ఎవరి నుంచి, ఎవరికి, ఏ దారిన వచ్చింది, ఇది ఎన్నో మాట అన్న వివరాలు ఒక్కో పంక్తిలో ఒక్కొక్కటి. ఒక ఖాళీ పంక్తి తర్వాత, పంపేవారి వద్ద ఉన్న ధ్వని, చిత్ర రూపాల జాబితా. జవాబులు కూడా వెబ్‌సైట్ల నుంచి అరువు తెచ్చుకున్న మూడంకెల సంఖ్యలే: 100 అంటే అందింది ప్రయత్నిస్తున్నాను, 180 అంటే గంట మోగుతోంది, 200 అంటే ఎత్తారు, 488 అంటే నీవు చెప్పిన రూపాలు ఇక్కడ కుదరవు. షుల్జ్‌రిన్నె, జోనథన్ రోజెన్‌బర్గ్ 1998లో రెండు పద్ధతులనూ పోల్చి రాసిన వ్యాసంలో, హెచ్.323లో వందల కొద్దీ అంశాలుంటే సిప్‌లో 37 శీర్షాలే ఉన్నాయని చూపారు. ఆ వాదన ఆనాటికి న్యాయమైనదే, కానీ సరళత నిలవలేదు. 1999లో 153 పుటలున్న సిప్ ప్రమాణం 2002 జూన్‌లో తిరగరాసేసరికి 269 పుటలైంది; 2009 నాటికి సిప్‌కు సంబంధించిన పత్రాల్లో ఏది దేనికో చెప్పడానికే ఒక మార్గదర్శక పత్రం విడిగా ప్రచురించవలసి వచ్చింది. టెలిఫోను లోకపు కష్టాలన్నీ నెత్తిన పెట్టుకున్న ఏ నియమావళి అయినా ఆ బరువుకు లావెక్కక తప్పదు, అందులో సిప్ రచయితల దోషం ఏమీ లేదు.

2002 నాటి ఆ తిరగరాత చిహ్నం ఇప్పటికీ ప్రతి సిప్ సందేశంలో ఉంది. సందేశం వచ్చిన దారిని చెప్పే పంక్తిలో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది తప్పనిసరిగా అర్థంలేని ఒకానొక ఏడు అక్షరాల కూర్పుతో మొదలవ్వాలి. ఆ ఏడక్షరాలు ఉంటే పంపినవారు కొత్త ప్రమాణం తెలిసినవారని, లేకపోతే 1999 నాటివారని స్వీకరించే యంత్రం గ్రహిస్తుంది. పాతవారిని వెలివేయకుండా కొత్తవారిని గుర్తించే ఈ ఏర్పాటు ఎంతో సంస్కారవంతమైనది. సిప్ అమరికల్లో యూడీపీ, టీసీపీ, టీఎల్ఎస్ అని మూడు రవాణా మార్గాలు కనిపించడం వెనుకా ఇలాంటి చరిత్రే ఉంది. యూడీపీ రసీదు లేని పోస్టుకార్డు లాంటిది, టీసీపీ రసీదు ఉన్న రిజిస్టరు ఉత్తరం, టీఎల్ఎస్ ముద్రవేసిన కవరు. ఫోను పిలుపు చిన్నది కనుక తొలి సిప్ యంత్రాలు పోస్టుకార్డుతోనే సరిపెట్టుకున్నాయి. వీడియో సమావేశంలో చిత్ర రూపాల జాబితా పొడవుగా ఉండి, సందేశం తరచూ 1300 బైట్లు దాటుతుంది, అలా దాటిన దాన్ని పోస్టుకార్డు మీద పంపకూడదని 2002 ప్రమాణం కట్టడి చేసింది. ఫోను మోగినా వీడియో పిలుపు మోగని చోట నిర్వాహకులు ముందుగా ఈ గడిని చూడడానికి కారణం అదే.

పిలుపునూ మాటనూ వేరుచేసిన పద్ధతికి అసలు శిక్ష ఇంటర్నెట్టు మీద పడింది. 1990ల నడుమ నుంచి కార్యాలయాలూ ఇళ్లూ బయటికి ఒకే చిరునామా చూపి, లోపలి యంత్రాలకు లోపలే చెల్లే చిరునామాలు పంచుకునే నాట్ పద్ధతికి మారాయి. గుమ్మం దగ్గర ఫైర్‌వాల్ అనే కాపలా కూడా వచ్చింది. సిప్ అయినా హెచ్.323 అయినా, పిలుపు సందేశం లోపల ‘నా మాట ఈ చిరునామాకు, ఈ గుమ్మానికి పంపు’ అని రాస్తాయి. లోపలి యంత్రం తనకు తెలిసిన లోపలి చిరునామానే రాస్తుంది. శుభలేఖ మీద వివాహ వేదిక ‘పెరటివైపు హాలు’ అని మాత్రమే అచ్చువేసి పైఊరి చుట్టాలకు పంపితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. గంట మోగుతుంది, అవతలివారు ఎత్తుతారు, తెరమీద కాలం లెక్క పరుగెత్తుతుంది, బొమ్మ మాత్రం రాదు, లేదా ఒకవైపు మాట మాత్రమే వినిపిస్తుంది. పిలుపు ఒక దారిలో క్షేమంగా చేరింది, మాట ఇంకో దారిలో తప్పిపోయింది. హెచ్.323లో ఇది మరీ కష్టం, ఎందుకంటే 1720 తర్వాత తెరుచుకునే హెచ్.245 గుమ్మం సంఖ్య కూడా పిలుపు పిలుపుకూ మారుతుంది.

ఈ చిక్కుకు వచ్చిన ప్రతి మందూ అమరికల పుటలో ఒక గడిగా మిగిలింది. బయటి చిరునామాను నిర్వాహకుడే చేత్తో రాసే గడి మొదటిది; గుమ్మాల సంఖ్యలను ఒక హద్దులో ఉంచి, అంతమేరకే కాపలాదారును అనుమతించమనే గడి రెండోది. కొన్ని రౌటర్లు తామే సందేశాన్ని విప్పి, లోపలి చిరునామా కొట్టేసి బయటిది రాసే సహాయం చేయబోయాయి. అది సగం తెలిసినవాడు ఉత్తరం దిద్దినట్టు ఒక పంక్తి మార్చి ఇంకో పంక్తి మరిచిపోయేది, కనుక అనుభవజ్ఞులు చాలాచోట్ల దాన్ని కట్టేయడమే మేలని చెబుతారు. హెచ్.323 వైపు 2005లో హెచ్.460.18, హెచ్.460.19 అనే అనుబంధాలు వచ్చి, లోపలి యంత్రమే ముందుగా బయటికి దారి తెరిచి ఉంచే పద్ధతి తెచ్చాయి. సిప్ వైపు, బయటినుంచి చూస్తే తన చిరునామా ఎలా కనిపిస్తోందో అద్దంలా చూపే స్టన్ పద్ధతి 2003లోనూ, సాధ్యమైన దారులన్నీ జాబితా రాసుకుని ఒక్కొక్కటీ తట్టి చూసి మంచిదాన్ని ఎంచే ఐస్ పద్ధతి 2010లోనూ ప్రమాణాలయ్యాయి.

ఇక ఫోను మీటల ధ్వనుల గడి. మీటలు నొక్కితే జంట స్వరాలు పలికే టచ్‌టోన్ ఫోను 1963 నవంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌ల స్వరాలు కలిసి మోగుతాయి. మామూలు ఫోను నుంచి వీడియో సమావేశంలో చేరేవారు రహస్య సంఖ్యను ఈ స్వరాలతోనే చెప్పాలి. కానీ మనిషి గొంతు కోసం మలచిన కోడెక్ ధ్వనిని కుదించేటప్పుడు ఈ స్వరాల ఆకారం చెడిపోతుంది, సర్వరు అంకెలను తప్పుగా వింటుంది, సంఖ్య సరిగానే నొక్కినవారికి సమావేశపు తలుపు తెరుచుకోదు. అందుకే 2000 మేలో, స్వరాన్ని స్వరంగా పంపక ‘ఐదు నొక్కారు’ అనే చిన్న సమాచారంగా మార్చి పంపే పద్ధతిని ప్రమాణీకరించారు. స్వరంగా పంపాలా, సమాచారంగా పంపాలా, లేక సిప్ సందేశంలోనే పెట్టి పంపాలా అని అడిగే ఆ గడి, ఈలతో ఎక్స్ఛేంజీని మోసగించిన నాటి ప్రశ్నే కొత్త వేషంలో వచ్చినది.

గడువుల సంగతి ఇంకా సూక్ష్మం. పాత తీగలో ఫోను పెట్టేస్తే విద్యుత్తు ఆగిపోయేది, ఎక్స్ఛేంజీకి వెంటనే తెలిసేది. మాట వేరే దారిలో నడిచే చోట, పిలుపు దారిలో కూర్చున్న సర్వరుకు మాట ఇంకా సాగుతోందో లేదో తెలియదు. పెట్టేశామని చెప్పే సందేశం దారిలో పోతే, మనుషులు లేని సమావేశం చిట్టాలో బతికే ఉంటుంది. 2005లో వచ్చిన సెషన్ టైమర్ పద్ధతి, 1800 సెకన్లను సూచన గడువుగా పెట్టి, మధ్యలో ఇరుపక్షాలూ ‘ఇంకా ఉన్నాం’ అని చెప్పుకోవాలని విధించింది. 3600 అనే అంకె వేరు, అది యంత్రం తన చిరునామాను సిప్ చిరునామాల చిట్టా ఉంచే రిజిస్ట్రార్ దగ్గర ఎంతకాలానికి నమోదు చేసుకుంటుందో చెప్పేది. సమావేశం సరిగ్గా పదిహేను నిమిషాలకో అరగంటకో తెగిపోతోందన్న ఫిర్యాదు వస్తే, అనుభవమున్న నిర్వాహకుడు తీగలను కాక ముందు ఈ గడువుల గడినే అనుమానిస్తాడు.

భారతదేశంలో ఈ పేర్లు సాంకేతిక గ్రంథాల్లోంచి ప్రభుత్వ పత్రాల్లోకి త్వరగానే ఎక్కాయి. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్టు టెలిఫోనును అనుమతించినప్పుడు, ఏయే యంత్రాల మధ్య మాట సాగవచ్చో చెప్పే నిబంధనల్లో హెచ్.323, సిప్ యంత్రాలను పేరుపెట్టి పేర్కొన్నారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2003 ఏప్రిల్ 1న, సాక్షి వీడియో ద్వారా వాంగ్మూలం ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు ప్రఫుల్ దేశాయ్ కేసులో తీర్పు చెప్పింది. అంతకు ముందే, 1990ల చివర్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి హైదరాబాదు సచివాలయం నుంచి జిల్లా కలెక్టర్లతో జరిపిన సమీక్షల వల్ల ‘వీడియో కాన్ఫరెన్స్’ అన్న మాట తెలుగు దినపత్రికల పాఠకులకు నిత్యపరిచితమైంది. 2000లో మొబైల్ ఫోను ప్రమాణాల సంఘం సిప్‌ను ఎంచుకున్న ఫలితం మాత్రం ఆలస్యంగా అందింది. 2016 సెప్టెంబరులో పూర్తిగా 4జీ మీదే నడిచే సేవ దేశంలో మొదలయ్యాక, ఆ ఫోనుల నుంచి వెళ్లే ప్రతి మామూలు పిలుపూ ఒక సిప్ ఆహ్వానమే. పొలంగట్టు మీద నిలబడి ఇంటికి ఫోను చేసే రైతు కూడా ఎంబోన్ పరిశోధకులు సభల కోసం రాసుకున్న ఆహ్వానపత్రాన్నే పంపుతున్నాడు.

చివరి పొర బ్రౌజరుది. 2011లో గూగుల్ బహిరంగపరిచి, 2021 జనవరిలో ప్రమాణంగా పూర్తయిన వెబ్ఆర్‌టీసీ పద్ధతి, మాటా చిత్రమూ ఎలా నడవాలో సమస్తమూ నిర్దేశించి, సిగ్నలింగ్ ఎలా ఉండాలో మాత్రం కావాలనే చెప్పకుండా వదిలేసింది. ఎవరి సేవకు తగినది వారే చూసుకోవచ్చని దాని భావం. ఆ వెసులుబాటుతో జిట్సీ వంటివి ఎక్స్ఎంపీపీ అనే సందేశ పద్ధతిని వాడుకున్నాయి, మరికొన్ని సేవలు తమ సొంత పద్ధతులు రాసుకున్నాయి. ఫలితంగా ఒక సేవ నుంచి మరో సేవకు నేరుగా పిలుపు వెళ్లదు, ప్రతి ఆహ్వానమూ ఒక లంకె రూపంలో ఈమెయిలులోనో వాట్సాప్‌లోనో వెళ్లాలి. ఎవరైనా ఎవరినైనా పిలవగలగాలన్న టెలిఫోను ఆశయానికి ఇది నష్టమే.

అందువల్ల పాత గది యంత్రాలనూ కొత్త బ్రౌజర్లనూ ఒకే సమావేశంలో కూర్చోబెట్టే భారం సర్వరులోని గేట్‌వే అనే దుబాసీ మీద పడింది. సెటప్‌ను ఇన్వైట్‌గా, అలర్టింగ్‌ను 180గా, కనెక్ట్‌ను 200గా మార్చడం దానికి కష్టం కాదు. కష్టమంతా క్రమంలో ఉంది. సిప్ ఆనవాయితీగా ఆహ్వానంతో పాటే తన రూపాల జాబితా పంపుతుంది, పాత హెచ్.323 యంత్రం అవతలివారు ఎత్తాక గానీ తన జాబితా విప్పదు. అమరికల పుటలో ‘ఎర్లీ ఆఫర్’, ‘డిలేడ్ ఆఫర్’ అని ఉండే ఎంపిక ఈ ఇరకాటానికి సంబంధించినదే. డిలేడ్ ఎంచినప్పుడు గేట్‌వే జాబితా లేని ఖాళీ ఇన్వైట్‌ను సిప్ వైపున్న అవతలివారికి పంపుతుంది. అవతలివారు ఎత్తుతూ 200తో పాటు తమ జాబితాను తామే ముందు చెబుతారు. ఆ 200 అందాక గేట్‌వే ఇటువైపు హెచ్.245 దారి తెరిచి, పాత యంత్రం చేతనైనవన్నీ చెప్పేదాకా ఆగి, రెండు జాబితాల్లోనూ ఉన్న రూపాన్ని ఏరి, దాన్ని ముగింపు రసీదులో పెట్టి అవతలికి పంపుతుంది. ఆ రసీదు చేరాకే బొమ్మ కదులుతుంది.